కొమ్మ కొస ఎటువైపు

కోర్మోన్స్,
ఏప్రిల్ మొదటి ఆదివారం

ఒర్నెల్లా అక్కకు,

ఫోనులో అయితే మూడో మాటకే పోట్లాడుకుంటామని, ఇక మీదట ఉత్తరాలే రాసుకుందామని నాన్న పోయాక నువ్వే షరతు పెట్టావు. మీ మోన్‌ఫాల్కోనె నుంచి మా కోర్మోన్స్‌కి రైల్లో గంట ప్రయాణం కూడా కాదు. అయినా పోస్టుమాన్‌కి పని చెబుతున్నాం. కాగితం మీద కోపం పైకి రావడానికి కాస్త సమయం పడుతుంది కనుక ఇదే మేలేమో. కాదేమో కూడా.

ఈ ఏడాది సైకిల్ యాత్రలు నిన్న మొదలయ్యాయి. పొద్దున్నే స్టేషన్ ముందు హెల్మెట్లు పంచడం, సీట్ల ఎత్తు సరిచేయడం, బ్యాటరీ ఉంది కదా అని తొక్కడం మానకండని చెప్పడం, అంతా పోయినేడు లాగే. మా యజమానురాలు తుల్లియా మాత్రం ఈసారి ముందే హెచ్చరించింది. "నీవెస్, పాదువా యూనివర్సిటీలో తత్త్వశాస్త్రం చెప్పింది చాలు. ఈ వైన్‌లో బేరిపండు వాసన వస్తుందేమో, రాదేమో అనకు. వస్తుందని చెప్పు. వాళ్ళు సెలవు పెట్టుకుని వచ్చింది నీ సందేహాలు మోసుకుపోవడానికి కాదు." సరేనన్నాను. మొదటి ఎత్తు ఎక్కకముందే 'బహుశా' అనేశాను.

దారిలో ఒక ఇంటి మలుపులో ఆకుల కొమ్మ వేలాడుతుంటే, వెరోనా నుంచి వచ్చిన నర్సమ్మ అదేమిటని అడిగింది. ఫ్రాస్కా గురించి చెప్పాను. ఇంట్లో సొంత వైన్ ఉన్నన్నాళ్ళు కొమ్మ కడతారు, వాకిట్లో బల్లలు వేసి వచ్చినవాళ్ళకి పోస్తారు, అయిపోగానే కొమ్మ దించేస్తారు. మా నాన్న కూడా కట్టేవాడని మాత్రం చెప్పలేదు.

భోజనం అయ్యాక మన ద్రాక్షతోట కింది మలుపులో ఆపాను. "ఇదొక పాత రైతు తోట" అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. దారియో బాబాయి కౌలుకి తీసుకున్నప్పటి నుంచి తీగల్ని నీలం ప్లాస్టిక్ టేపుతో కట్టిస్తున్నాడు కదా. కొండ వాలున మెట్లు మెట్లుగా ఉన్న తోటలో కింది రెండు మెట్లూ అలాగే ఉన్నాయి. పై మెట్టు మాత్రం పాతకాలంలోలా విల్లో చెట్టు లేత పుల్లలతో కట్టి ఉంది. గట్టెక్కి దగ్గరగా చూశాను. పుల్ల ఎడమవైపు తిరిగి, రెండు చుట్లు చుట్టుకుని, కొస కొండవైపు లోపలికి దోపి ఉంది. నాన్న ముడి. ఎడమచేతివాటం మనిషి ముడి. ఈ కొండల్లో ఇంకెవరూ అలా కట్టరు.

విల్లో పుల్ల ఏడాది తిరిగేసరికి ఎండి విరిగిపోతుంది. నాన్న పోయి రెండేళ్ళయింది. ఈ పుల్లలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

నేను కట్టలేదు. పాదువా వెళ్ళబోయే ముందు వసంతంలో నాన్న నాకు నేర్పాడు, నిజమే. ఇంటికొచ్చి బూటు లేసుతో ప్రయత్నించాను. చేతికి గుర్తు రాలేదు. నీకైతే నేర్పనే లేదు, నువ్వెప్పుడూ అమ్మతో వంటింట్లోనే. మరి ఎవరు కట్టినట్టు?

నవంబరులో సాన్ మార్టీనో పండగకి, కౌళ్ళు తేల్చుకునే రోజుకి, దారియో బాబాయికి జవాబు చెప్పాలని గుర్తుందిగా. తోట అమ్ముతామా, అమ్మమా. నువ్వు అమ్మేద్దామన్నావు. నేను చూద్దామన్నాను. ఇంకా చూస్తూనే ఉన్నాను.

నీవెస్

&nbsp;

మోన్‌ఫాల్కోనె,
ఏప్రిల్ చివర

నీవెస్‌కి,

నీ ఉత్తరం చదివి మీ బావ లీవియో, "మీ చెల్లెలికి ముడి కనిపించినా గ్రంథమే" అన్నాడు. నేను వెనకేసుకు రాలేదు.

దారియో ఎవరో ముసలి కూలీని పెట్టుకుని ఉంటాడు. ముసలాళ్ళకి విల్లోనే ఇష్టం. ఎడమచేతివాటం వాళ్ళు ఒక్క మనింట్లోనే పుట్టారా?

మా కళ్ళజోళ్ళ దుకాణంలో ఊపిరాడటం లేదు. ఓడల కార్ఖానా వాళ్ళందరికీ ఒకేసారి చూపు తగ్గినట్టుంది. మంగళవారం ఒక్కటే నాకు సెలవు. ఆ రోజు పడుకుంటాను.

అమ్మకం విషయంలో నా మాట మారదు. ఉన్నది ఇద్దరం. ఒకదానికి నడుం నొప్పి, రెండోదానికి నిర్ణయం అంటే నొప్పి. తోట ఎవరు చేస్తారు?

ఫ్రాస్కా గురించి టూరిస్టులకి ఏం చెప్పావో నాకేం తెలుస్తుంది? కొమ్మలూ దారులూ నాన్నవి. నేను చూసిందల్లా గుడ్లు ఉడికే గిన్నె.

ఒర్నెల్లా

&nbsp;

కోర్మోన్స్,
మే నెలాఖరు

అక్కా,

దారియో బాబాయిని అడిగాను. ట్రాక్టరు దిగకుండానే వాదించాడు.

"విల్లోనా? నేనా? నా కోడలు టేపు మిషను కొనిచ్చాక పుల్లల జోలికి పోతే ఇంట్లో అన్నం పెడుతుందా? నువ్వే కట్టావనుకున్నాను."

"నేను కట్టలేదు బాబాయ్."

"మరి మీ నాన్న లేచి వచ్చాడా? వస్తే ముందు నా నిచ్చెన తెచ్చిమ్మను."

అంతే, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. కానీ ఆ పై మెట్టు జోలికి తను పోవడం లేదట. "ఎవరో బాగానే చేస్తున్నారు, నాకెందుకు ఆపడం" అన్నాడు. నిజంగానే బాగా చేస్తున్నారు. మొన్న చూస్తే అక్కర్లేని చిగుళ్ళు గిల్లేసి ఉన్నాయి, లేత రెమ్మల్ని తీగల మధ్యకి సర్ది ఉంచారు.

పోయిన శనివారం గుంపులో గ్రాట్స్ నుంచి వచ్చిన ఒకాయన ఉన్నాడు, పేరు అలోయిస్, రిటైరైన పోలీసు. మలుపులో అందరూ ఫొటోలు తీసుకుంటుంటే నా వెనకే గట్టెక్కాడు. నేనేం చూస్తున్నానో అడిగాడు. ఎందుకో చెప్పేశాను, తోట మాదేనని తప్ప. ఆయన కళ్ళజోడు సరిచేసుకుని ఒక్కో ముడీ చూస్తూ వరస చివరిదాకా నడిచాడు.

"ఇది ఎడమచేతి మనిషి పని కాదమ్మా" అన్నాడు. "పుల్ల కోసిన వాటం చూడు. కుడిచేత్తో కోశారు. కుడిచేతివాటం మనిషి, ఎడమచేతి ముడిని చూసి నేర్చుకుంది. వరస మొదట్లో వదులుగా ఉన్నాయి, చివరికి వచ్చేసరికి బిగిశాయి. ఇంకోటి. మనిషి పొట్టి. పై తీగ కట్టడానికి రాయి వేసుకుని ఎక్కింది, అదిగో రాయి."

"'ఎక్కింది' అంటున్నారు. ఆడమనిషని ఎలా తెలుసు?"

"తెలీదు. కానీ ఆ రాయి వాడాక మళ్ళీ గోడ పక్కన తీసుకెళ్ళి పెట్టింది చూశావా? నా నలభై ఏళ్ళ ఉద్యోగంలో అలా సర్దిపెట్టిన మగాణ్ణి నేను పట్టుకోలేదు."

మిగతావాళ్ళు కింద నుంచి సైకిల్ గంటలు కొడుతున్నారు. తర్వాతి వైన్ ఇంటికి ఆలస్యంగా చేరాం. తుల్లియా చేత చివాట్లు తిన్నాను. అయినా మనసంతా ఆ రాయి మీదే ఉంది. పొట్టిగా, కుడిచేతివాటంగా, వాడిన వస్తువు మళ్ళీ దాని చోట పెట్టేవాళ్ళు ఎవరున్నారా అని ఆలోచిస్తున్నాను. నీకెవరైనా తోస్తే రాయి.

నీవెస్

&nbsp;

మోన్‌ఫాల్కోనె,
జూన్

నీవెస్‌కి,

ఈ ప్రాంతంలో పొట్టివాళ్ళకేం కొదవ? మన మేనత్తలందరినీ నిలబెట్టి ఆ పోలీసాయన చేత కొలిపించు.

ఆయన్ని గ్రాట్స్‌లో మనవల్ని ఆడించుకోమను. నువ్వు సైకిళ్ళు చూసుకో. టూరిస్టుల్ని వెంటేసుకుని గట్టెక్కకు. పై మెట్టు గోడ మొన్నటి వానకి మధ్యలో ఉబ్బింది, ఎవరి కాలైనా పడితే రాళ్ళు జారతాయి. ఆ తర్వాత తుల్లియా చివాట్లతో ఆగదు.

మీ బావకి ఒంట్లో బాగానే ఉంది. మొన్న పొయ్యి మీద గిన్నె మూత తీసి చూసి నా మీద అలిగాడు, అంతే. ఎందుకో అడగకు.

ఒర్నెల్లా

&nbsp;

కోర్మోన్స్,
జూలై

అక్కా,

నువ్వు రాశాక జాగ్రత్తగా ఉంటున్నాను. గుంపుని రోడ్డు మీదే ఆపుతున్నాను.

ఎండలు విపరీతంగా ఉన్నాయి. పొద్దున చల్లగా బయల్దేరతాం. పదకొండు దాటేసరికి బ్యాటరీలు తప్ప మనుషులు నడవరు. మొదటి వైన్ ఇంట్లో అందరూ వాసన చూస్తారు, రెండోదాంట్లో తాగుతారు, మూడోదాంట్లో కుర్చీ అడుగుతారు. ఒక డచ్చాయన నన్ను అడిగాడు. "ఇన్ని కొండలు తిప్పుతున్నావు, నీకు అన్నిటికంటే ఏ తోట ఇష్టం?" వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆయన భార్య, "చెప్పకపోతే అదే జవాబు" అంది. చాలా దూరం ఆ మాటతోనే తొక్కాను.

పై మెట్టులో పనిచేసే ఆ మనిషి కోసం ఒక పని చేశాను. నాన్న గడ్డి టోపీ నా దగ్గరే ఉంది కదా, దాన్ని మొదటి గుంజకి తగిలించి వచ్చాను. ఎవరైతేనేం, ఎండ ఎండే. తర్వాతి శనివారం చూస్తే టోపీ లేదు. గాలికి ఎగిరిపోయిందేమో. తీసుకున్నారేమో.

ఒకటే తెలుసుకోవాలనుంది. ఆ మనిషి ఎందుకు చేస్తోంది? తోటని వదులుకునే ముందు మనసారా ఒకసారి చేసి, సెలవు తీసుకోవడానికా? లేక ఉంచుకోవడానికి తన వల్ల అవుతుందో లేదో చూసుకోవడానికా? రెండిటికీ ముడి ఒకలాగే ఉంటుంది. చూసి చెప్పలేం.

నీకేమనిపిస్తుంది? నీకు తెలుసని కాదు. ఊరికే అడుగుతున్నాను.

నీవెస్

&nbsp;

మోన్‌ఫాల్కోనె,
సెప్టెంబరు

నీవెస్‌కి,

ముక్కూమొహం తెలియనివాళ్ళకి నాన్న టోపీ ఇచ్చేశావా? నీకు జాలి ఎక్కువ, జాగ్రత్త తక్కువ. సరే. ఎవరి తలకైనా సరిపోతే మంచిదే. నాన్న తల పెద్దది, లోపల గుడ్డ మడత పెట్టుకోవాలి.

ఎందుకు చేస్తోందని నన్నడుగుతావేం? బహుశా ఆ మనిషికే తెలీదేమో. చూశావా, నీ 'బహుశా' నాకూ అంటుకుంది.

పంట కోతలు కదా, పని ఎక్కువగా ఉంటుంది. దుకాణంలో అంటున్నాను.

ఒర్నెల్లా

&nbsp;

కోర్మోన్స్,
అక్టోబరు చివర

అక్కా,

ఇది చాలాసార్లు రాసి చింపాను. ఈసారి చింపకుండా పోస్టులో వేస్తాను.

నాకు తోట అమ్మాలని లేదు.

ఎలా చేస్తామో తెలీదు. నా ముడి నేను మర్చిపోయాను, ఇంక తోట ఏం చేస్తాను అని నాకే అనిపిస్తుంది. రేపు పొద్దున ఇది తప్పనీ అనిపించవచ్చు. కానీ డచ్చాయన ప్రశ్నకి జవాబు అప్పుడే నాకు తెలుసు. చెప్పడానికి సిగ్గేసింది. ఇది నీ మీద ఒత్తిడి కాదు. నీ సగం నీది. నువ్వు అమ్మాలంటే సంతకం పెడతాను, ఇంకో ఉత్తరం రాయను దాని గురించి.

ఈ ఏడాది ఆఖరి యాత్ర సాన్ మార్టీనోకి ముందు శనివారం. ఆ పోలీసాయన మళ్ళీ పేరు రాయించుకున్నాడు. "కేసు మధ్యలో వదిలే అలవాటు నాకు లేదు" అన్నాడట తుల్లియాతో. మధ్యాహ్నం రెండింటికి మన నాలుగు దారుల దగ్గర ఉంటాం. ఊరికే రాస్తున్నాను, తెలిసి ఉంటుందని.

నీవెస్

&nbsp;

మోన్‌ఫాల్కోనె,
ఆదివారం

నీవెస్‌కి,

నిన్న అంతమందిలో అడగలేకపోయాను. ఇప్పుడు అడుగుతున్నాను, నిజం చెప్పు.

కొమ్మ పొద్దున్నే కట్టాను. నాలుగు దారుల దగ్గర, నాన్న కట్టే స్తంభానికే. పైన మనింటి వాకిట్లో బల్లలు తుడిచాను. నాన్న చేసిన చివరి రిబోల్లా వైన్ పీపా తెరిచాను, రెండేళ్ళు ఆగినా పాడవలేదు. గుడ్లు ఉడకబెట్టాను, ఘాటు ముల్లంగి తురిమాను, కళ్ళంట నీళ్ళు కారాయి. అది ముల్లంగి వల్లే. రెండింటికి మీ సైకిల్ గంటలు వినిపించాయి. ఏప్రన్‌తోనే వాకిట్లోకి పరిగెత్తాను. గంటలు దగ్గరికి రాలేదు. దూరమయ్యాయి. కొండ దిగిపోయాయి.

కొమ్మ చూసి కూడా రాలేదనుకున్నాను. నా మాట అమ్మకమే అని రాసి రాసి నిన్ను విసిగించాను, నీకు మనసు విరిగిందనుకున్నాను. ఏప్రన్ విప్పేశాను. గుడ్ల మీద గుడ్డ కప్పేశాను.

అప్పుడు కింది నుంచి దారియో బాబాయి. కాళ్ళకి ఇంటి చెప్పులు, చంకలో ఒక పెద్ద హ్యామ్. వెనక నువ్వూ, నీ గుంపూ. అందరూ నవ్వుతూ. నన్ను చూడగానే ఇంకా నవ్వారు. ఆ పోలీసాయన తిన్నగా నా దగ్గరికొచ్చి, నా నెత్తి మీది టోపీ కేసి చూసి, "అవును, పొట్టే" అన్నాడు. ఏం జరిగింది? ఎందుకు కింది నుంచి వచ్చారు?

నువ్వు అడక్కముందే నా సంగతి చెబుతాను. రెండేళ్ళ కిందట నాన్న ఇల్లు సర్దినప్పుడు, పై మెట్టులో ఆయన కట్టిన ఆఖరి ముడులు కొన్ని కోసి తెచ్చుకున్నాను. ఎండి కర్రల్లా ఉన్నాయి. వేడినీళ్ళలో నానబెడితే మెత్తబడ్డాయి. ఒక్కొక్కటే నెమ్మదిగా విప్పి చూశాను, ఎటు తిరిగింది, ఎక్కడ దూరింది అని. మళ్ళీ చుట్టాను, చెయ్యి మరిచినప్పుడల్లా ఇంకోటి నానబెట్టాను. మీ బావ మూత తీసి చూసింది ఆ గిన్నెనే. భోజనానికి పుల్లల సూపు అనుకున్నాడు పాపం. ఫిబ్రవరి నుంచి ప్రతి మంగళవారం మొదటి రైలుకి వచ్చేదాన్ని. నా వల్ల కాకపోతే ఎవరికీ తెలియకూడదని చెప్పలేదు. అమ్మేద్దామని అంత గట్టిగా అన్నాక ఏ మొహంతో చెప్పను?

ఒర్నెల్లా

&nbsp;

కోర్మోన్స్,
మంగళవారం

అక్కా,

ముందు ఒక మాట. నువ్వని నాకు జూన్‌లోనే తెలుసు. పై మెట్టు గోడ మొన్నటి వానకి ఉబ్బిందని నువ్వే రాశావు. మోన్‌ఫాల్కోనెలో కళ్ళజోళ్ళు అమ్ముకునే మనిషికి ఎలా కనిపించింది? అడిగితే కాదంటావని అడగలేదు. కాదన్నాక నీ అంతట నువ్వు మళ్ళీ మంగళవారం రైలెక్కవు. నిన్ను నేనెరుగుదును. కానీ ఎందుకు చేస్తున్నావో మాత్రం నాకు నిజంగా తెలీలేదు. సెలవు తీసుకోవడానికేమో అనే చివరిదాకా భయపడ్డాను.

ఇప్పుడు శనివారం సంగతి.

నాలుగు దారుల దగ్గరికి రాగానే కొమ్మ కనిపించింది. తాజా లారెల్ కొమ్మ. తర్వాత కొస చూశాను. అక్కా, కొస కిందికి ఉంది. దారియో బాబాయి ఇంటివైపు.

కొమ్మ కొస ఎటు చూస్తే ఇల్లు అటు. నాన్న ప్రతిసారీ కట్టాక వెనక్కి నడిచి, కొస మనింటి వైపే ఉందో లేదో చూసి వచ్చేవాడు. నువ్వు వంటింట్లో ఉండేదానివి. నీకెవరు చెప్పారు?

నాకైతే ఒకటే తోచింది. దారియో బాబాయి ఫ్రాస్కా తెరిచాడు, మన స్తంభానికే కొమ్మ కట్టాడు. అంటే ఒర్నెల్లా సంతకం పెట్టేసింది. తోట ఆయనదైపోయింది. గంట కొట్టి, "ఇటు" అన్నాను. గంటలు కొట్టుకుంటూ దిగాం. నువ్వు విన్నది అదే. ఆ దిగుడంత పొడవైన దిగుడు ఈ ఏడాది మొత్తంలో తొక్కలేదు.

బాబాయి వాకిట్లో కూర్చుని మొక్కజొన్న ఒలుస్తున్నాడు. ఇంతమందిని చూసి లేచాడు.

"ఏంటే ఈ దండు?"

"ఫ్రాస్కా తెరిచావుగా బాబాయ్."

"నేనా? నా ఇంట్లో ఉన్నది కోడలు కాచిన పులుసు, అదీ నాకే చాలదు. ఎవరు చెప్పారు?"

"కొమ్మ చెప్పింది."

చెప్పుల్తోనే నాలుగు దారులదాకా నడిచి వచ్చాడు. కొమ్మని కిందా మీదా చూశాడు. "ఇది కట్టినవాళ్ళకి తలేదో తోకేదో తెలీదు" అన్నాడు. తర్వాత స్తంభానికి చుట్టిన పుల్ల పట్టుకున్నాడు. ఎడమవైపు రెండు చుట్లు, కొస కొండవైపు. అలోయిస్ గారు మెల్లగా, "అవునండీ, అదే చెయ్యి" అన్నారు.

బాబాయి నా వైపు తిరిగాడు. "సాన్ మార్టీనో దాకా ఎందుకు, నాకు జవాబు ఇక్కడే కట్టి పెట్టారుగా మీ అక్కా చెల్లెళ్ళు." కోపంగానే అన్నాడు. కాసేపు తల దించుకుని నిలబడ్డాడు. ఆయనకి ఆ తోట మీద నిజంగా ఆశ ఉండేది అక్కా, అది మనం మర్చిపోకూడదు. తర్వాత ముడి విప్పకుండానే కొమ్మని పట్టుకుని పైకి తిప్పాడు. "పొట్టిదానికి గుడ్లు ఉడకబెట్టడం వచ్చు గానీ హ్యామ్ కొయ్యడం రాదు, ఉండు" అని ఇంటికెళ్ళి తెచ్చాడు. మిగతాది నువ్వు చూశావు. ఎందుకు నవ్వారంటే, నీ టోపీ లోపలి నుంచి గుడ్డ మడత జారి నీ చెవి మీద వేలాడుతోంది. నువ్వేమో రాణిలా నిలబడ్డావు.

తుల్లియాకి ఫిర్యాదు వెళ్ళింది, షెడ్యూలులో లేనిచోట మూడు గంటలు కూర్చోబెట్టానని. రాసింది ఏప్రిల్‌లో వచ్చిన వెరోనా నర్సమ్మే, ఈ ఆఖరి యాత్రకీ వచ్చింది. చివర, వచ్చే ఏడాది ఆ ఇంటిని షెడ్యూలులో పెట్టకపోతే రానని కూడా రాసింది.

ఇక నా సందేహం. మనం చేయగలమా?

నీవెస్

&nbsp;

మోన్‌ఫాల్కోనె,
గురువారం

నీవెస్‌కి,

తెలీదు. చూద్దాం. ఈ మాట నీది, నేను అరువు తెచ్చుకున్నాను.

కొస సంగతి ఇన్నేళ్ళు ఎవరూ చెప్పనందుకు మీ అందరి మీదా కోపం వచ్చింది. తర్వాత పోయింది. ఈసారి నేను కడతాను, నువ్వు వెనక్కి నడిచి చూడు.

దారియో బాబాయి కింది రెండు మెట్లూ ఇంకో ఏడాది చేస్తానన్నాడు. టేపుతోనే. నేనేమీ అనలేదు, హ్యామ్ బాగుంది.

ఫిబ్రవరిలో విల్లో కోసే రోజు మంగళవారం రా. తుల్లియా యాత్రలు అప్పటికి మొదలవ్వవు. ముడి మర్చిపోయానని రాశావుగా, బూటు లేసుతో ఇంక కుస్తీ పట్టకు. గిన్నెలో నానబెట్టాల్సిన నాన్న ముడులు ఇంకా నాలుగు మిగిలాయి. రెండు నీకు ఉంచాను. నెమ్మదిగా విప్పాలి, తొందరపడితే విరుగుతాయి. నేర్పిస్తాను.

ఒర్నెల్లా